లింకు డాక్యుమెంట్లు

దేవరకొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ
మొయినొద్దీన్ సాబ్ దస్తావేజుల దుకాణం.
దాని మీది అర్రల నేను కిరాయికుంట.
పగలు జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్త,
రాత్రి కంప్యూటరుకు చెప్త.
పిల్లలు నమ్ముతరు. అది నమ్మదు.

ఒకటి, మూడు, అయిదు, ఏడు...
బేసి సంఖ్యలు వరుసగ కూడుకుంట పోతే
ఎక్కడ ఆగినా వర్గమే వస్తది.
ఆరో తరగతి పిల్లకు తెలిసిన ముచ్చట.
యంత్రం ముందట రుజువు చేయనీకి
నాకు తొమ్మిది రాత్రులు పట్టింది.

విప్పు అన్న. కుదించు అన్న. మళ్ల విప్పు అన్న.
నీకు తోచింది చేస్కో అన్న.
చీకట్ల తాళపుచెవుల గుత్తి తిప్పినట్టు
పదకొండు ఆజ్ఞలు.
పదకొండోదానికి ఎర్ర గీత మాయమైంది.
"ఇగ మిగిలిందేం లేదు" అన్నది తెర.
నిజమే, నా తలకాయల గూడ.

ఉగాది దాటినంక తెరిచి చూస్తే
ఆజ్ఞలున్నయి, రుజువు కనబడలే.
నల్లగొండ చేరిన మాట వాస్తవమే,
గుర్రంపోడు మీదికెల్లి వచ్చిన్నో
చండూరు మీదికెల్లి వచ్చిన్నో
యాదికి లేదు.

మోటరు వేసిన, బందు చేసుడు మర్వకు అని చెప్పనీకి
సాబ్ మెట్లెక్కి వచ్చిండు.
అద్దాలు నొసటి మీదికి ఎత్తి తెర దిక్కు చూసిండు.
"ఈ లైను ఎక్కడికెల్లి వచ్చింది, బేటీ?"
యంత్రం ఒప్పుకున్నది, సాబ్.
"ముద్రేసెటాయన గూడ ఒప్పుకుంటడు.
తాత పేరుకెల్లి విరాసత్,
ఆడికెల్లి సాదా బైనామా,
ఆడికెల్లి నీ చేతికి,
ఆ లింకులేవి? ఒక్క కొస తెగినా
ముప్పయ్యేండ్లు కోర్టు మెట్లెక్కాలె."

జవాబు లేక చింతగింజలు తెచ్చి చాప మీద పేర్చిన.
మూడు వరుసలు, వరుసకు మూడు.
సాబ్ పెన్ను మూతతోని గింజలు జరుపుకుంట
దస్తావేజు చదివినట్టే చదివిండు:
"ఉత్తరం హద్దుకు మూడు. తూర్పు హద్దుకు మూడు.
ఈశాన్యం మూలకు ఒకటి. ఏడు.
మడి పెరిగింది గని
నాలుగు దిక్కులా సమానమే ఉన్నది."

ఆ రాత్రి పదకొండు ఆజ్ఞలూ కొట్టేసిన.
మొదాలు ఖాళీ మడి అని రాసిన:
సున్నా గింజలు, సున్నా వర్గం.
తర్వాత ఒక సంఖ్యను తీసుకున్న, దాని పేరు క.
క దాకా ఈ మాట నిజమనుకుందాం అన్న,
ఆ అనుకోలుకు పాతమడి అని పేరు వెట్టిన.
రెండు క లు, వాటి మీద ఒకటి:
కొత్తగట్టు.
పాతమడి వల్ల, కొత్తగట్టు వల్ల, కాబట్టి...

కాబట్టి కాడ అది ఆగింది.
ఇన్నేండ్ల సంది నల్లబోర్డు మీద
"కాబట్టి" అని దాటేసిన మెట్టు అది.
ఏ పిల్లా అడగలే.
ఇది అడిగింది.
వర్గాన్ని విప్పి, గింజ గింజకు లెక్క చెప్పిన.
గీత పోయింది. ఈసారి నాకు గూడ పోయింది.

పొద్దుగాల ముద్రించి తీసుకపోయిన.
చందంపేట నుంచి వచ్చిన ఇద్దరు రైతులు బెంచీ మీద కూసున్నరు.
వాళ్లు వింటుంటే సాబ్ పైకి చదివిండు:
పాతమడి వల్ల. కొత్తగట్టు వల్ల.
అందుల ఒకాయన అడిగిండు
"ఎవరి భూమి సార్, వివాదం ఏమన్న ఉన్నదా?"
లేదన్నడు సాబ్. కొట్టివేతలు గూడ లేవన్నడు.

ఇగ రెండో పేజీ తిప్పిండు.
ఘనాల రుజువు, సగంల ఉన్నది.
పసుపు గీత మీద వేలు వెట్టిండు.
"ఇదేంది?"
మన్నించు అని రాసిన, సాబ్.
తెలియనికాడ ఆ మాట రాస్తే
యంత్రం అప్పటికి ఊకుంటది.
"ఎన్ని రోజులు?"

మీద ట్యాంకు నిండి
నీళ్లు గోడ వెంబడి కారుతున్నయి.
మోటరు బందు చేసుడు మర్చిన.